'పాజిబ్లీ' మీద పగెందుకు?

ఈమధ్య ఇంగ్లీషులో కొన్ని చిన్న మాటల మీద పెద్ద దాడే జరుగుతోంది. పాజిబ్లీ, ప్రాబబ్లీ, పర్‌హాప్స్, జస్ట్, రియల్లీ, వెల్ - ఇవీ ఆ మాటలు. కెన్, కుడ్, మే, మైట్, విల్, వుడ్, షుడ్, మస్ట్ అనే పెద్దింటి క్రియల పక్కన, పెళ్ళికూతురి పక్కన తోడిపెళ్ళికూతురు కూచున్నట్టు ఇవి ఒద్దికగా కూచుంటాయి. తీసేస్తే వాక్యానికొచ్చే నష్టమేమీ లేదంటారు ఒకరు. ఉంచితే మాట్లాడే మనిషి పిరికిదని తేలిపోతుందంటారు ఇంకొకరు. మొదటివారు వ్యాకరణం పంతుళ్ళు. రెండోవారు ఈ కాలపు వ్యక్తిత్వ వికాసం శిక్షకులు. ఇద్దరి మాటా తప్పేనని నా వాదం. ఉత్త తప్పే అయితే నవ్వి వూరుకునేదాన్ని. కానీ దానికి జరిమానా కట్టేది మన ఆడపిల్లలు. అందుకని రాస్తున్నాను.

మా అక్క కూతురు హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో పనిచేస్తోంది. పేరు మనకెందుకు లెండి, పేరు మారినా తీరు మారదు. కిందటేడు అక్కడి ఆడపిల్లలందర్నీ ఒక హాల్లో కూచోబెట్టి రెండు రోజులు పాఠం చెప్పారట. "మీ ఉత్తరాల్లో జస్ట్ కొట్టెయ్యండి, పర్‌హాప్స్ కొట్టెయ్యండి. కుడ్ యూ పాజిబ్లీ అంటూ ముష్టి అడిగినట్టు అడక్కండి. అప్పుడే మీరు నాయకులవుతారు" అని. మగపిల్లల్ని మాత్రం కూచోబెట్టలేదు. వాళ్ళు పుట్టుకతోనే నాయకులు కాబోలు!

పిల్ల బుద్ధిమంతురాలు. చెప్పినట్టే చేసింది. 'కుడ్ యూ పాజిబ్లీ సెండ్ ఇట్ బై ఫ్రైడే?' అని రాసేచోట 'సెండ్ ఇట్ బై ఫ్రైడే' అని రాయడం మొదలుపెట్టింది. మూడు నెలలు తిరక్కుండానే లండన్ ఆఫీసు నుంచి కబురు - ఈ అమ్మాయి మాటతీరు కటువుగా వుంది అని. ఏడాది చివర మార్కులు వేసే కాగితంలో ఆ ముక్క ఎక్కింది. ఆ ఏడు జీతం పెరగలేదు.

"మెత్తగా రాస్తే పిరికిదాన్నంటారు పిన్నీ, గట్టిగా రాస్తే గయ్యాళినంటారు. మరి నన్నేం రాయమంటావు?" అంది ఫోన్లో.

నేను మామూలు బి.ఏ. చదివినదాన్ని. భాషాశాస్త్రంలో నాకు పట్టా లేదు. కానీ ఇరవై ఏళ్ళుగా నవలల్లో మనుషుల చేత మాట్లాడించడమే నా పని. 'వస్తాడు' అన్న మాటకీ 'వస్తాడేమో' అన్న మాటకీ మధ్య ఒక్కోసారి ఒక కాపురమే వుంటుంది. ఆ 'ఏమో'ని దండగమాట అని కొట్టేసే ఎడిటరు దొరికితే నేను నవల రాయడం మానేస్తాను.

ముందు పంతుళ్ళ సంగతి చూద్దాం. మన గైడుల్లో ఒక పట్టీ వుంటుంది, మీకూ గుర్తుండే వుంటుంది. కెన్ అంటే శక్తి, మే అంటే అనుమతి, మస్ట్ అంటే తప్పనిసరి, షుడ్ అంటే కర్తవ్యం. ఎదురుగా ఒక్కొక్క ఉదాహరణ. అంతే, పాఠం అయిపోయింది! మందుల షాపులో సీసాల మీద చీటీలు అంటించినట్టు. పిల్ల పొరపాటున 'హీ మైట్ పాజిబ్లీ కమ్' అని రాసిందో, ఎర్రసిరాతో సున్నా చుడతారు. మైట్‌లోనే సందేహం వుంది కదా, మళ్ళీ పాజిబ్లీ ఎందుకు, ఒకే అర్థానికి రెండు మాటలా అని.

అయ్యా పంతులుగారూ, ఆ పక్కనున్న చిన్నమాట లేకపోతే మీ మే అంటే ఏమిటో మీకే తెలీదు! 'యూ మే సర్టెన్లీ గో' అంటే నిరభ్యంతరంగా వెళ్ళొచ్చు అని. అది అనుమతి. 'హీ మే పాజిబ్లీ గో' అంటే బహుశా వెళ్ళొచ్చు అని. అది సందేహం. మే రెండుచోట్లా ఒకటే. అర్థం తేల్చింది పక్కనున్న సర్టెన్లీ, పాజిబ్లీలు. మన తెలుగులోనూ సరిగ్గా ఇదే కథ, చూశారా? ఉత్త 'వెళ్ళొచ్చు' అన్న మాట ఇటూ అటూ వూగుతూ వుంటుంది. 'నిరభ్యంతరంగా' అంటే ఒక గట్టున పడుతుంది, 'బహుశా' అంటే ఇంకో గట్టున పడుతుంది.

ఇక రెండుసార్లు సందేహించడం మాటకొస్తే, హాలిడే అనే ఇంగ్లండు భాషాశాస్త్రవేత్త 1970లోనే దీని గురించి రాశాడు. పర్‌హాప్స్, మైట్ లాంటివి ఒకే శ్రుతిలో వున్నప్పుడు రెండు సందేహాలుగా లెక్కకు రావు, ఒకదానికొకటి వంతపాడతాయి. శ్రుతి కలవనప్పుడు మాత్రం దేని అర్థం దానిదే. తంబురా వుంది కదా, మళ్ళీ గాత్రం ఎందుకు అని ఎవరైనా అడుగుతారా? మనం రోజూ 'బహుశా రేపు రావచ్చేమో' అంటూనే వున్నాం. అందులో బహుశా ఒకటి, వచ్చు ఒకటి, ఏమో ఒకటి. మూడు సందేహాలు! అయినా వినేవాళ్ళకి ఒక్కటే సందేహం, కాస్త మెత్తగా. స్కాట్లండులోనూ, అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోనూ కొందరు 'మైట్ కుడ్' అని ఏకంగా రెండు క్రియల్నీ పక్కపక్కనే కూచోబెట్టేస్తారట. వాళ్ళ పరీక్ష పేపర్లు మన పంతుళ్ళు దిద్దితే ఎర్రసిరా చాలదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఇంకోటుంది. జాన్ వాలిస్ అనే ఆయన 1653లో, అదీ లాటిన్‌లో, ఇంగ్లీషు వ్యాకరణం రాస్తూ షల్‌కీ విల్‌కీ తేడా నిర్ణయించాడు. ఆ నియమాన్ని తరతరాల పిల్లల చేత బట్టీ పట్టించారు. ఇవాళ ఇంగ్లండు వీధుల్లోనే షల్ అరుదైపోయింది. మన గైడుల్లో మాత్రం ఇంకా సింహాసనం దిగలేదు. కానీ 'ఐ కాంట్ రియల్లీ ఈట్ దిస్' కీ 'ఐ రియల్లీ కాంట్ ఈట్ దిస్' కీ తేడా ఏ గైడులో వుంది? మొదటిది, అంతగా తినలేనండీ అని మొహమాటపడుతూ తప్పుకోవడం. రెండోది, ఇది నా వల్ల కాదు బాబోయ్ అని విస్తరి ముందునుంచి లేచిపోవడం. మాటలన్నీ అవే. ఒక్క రియల్లీ కాంట్‌కి ఇటునుంచి అటు దూకింది, అంతే. వియ్యాలవారింట్లో అటూ ఇటూ అయితే పెళ్ళి తప్పిపోతుంది!

ఈ పాజిబ్లీ వుంది చూశారూ, అది ఇంకా గడుసుది. 'కుడ్ యూ పాజిబ్లీ' అన్నప్పుడు దూదిలా మెత్తన. 'ఐ కుడెంట్ పాజిబ్లీ' అన్నప్పుడు రాయిలా గట్టి. ఎంతమాత్రం కుదరదు అని అర్థం. అయితే ఇంకో స్వీటు వేసుకోమన్నప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఇదే మాట అంటూ, రెండోసారి అడక్కపోతారా అని ఎదురుచూడటం కూడా కద్దు. మనకి తెలియని విద్యా అది? 'అబ్బే వద్దండీ' అంటూ విస్తరికి చెయ్యి అడ్డంపెట్టి, వేళ్ళ సందుల్లోంచి బూరె పడనిచ్చే జాతి మనది.

'ఇట్ మే వెల్ రెయిన్' లోని వెల్‌కి 'బాగా' అని అర్థం చెప్పి, బాగా వాన పడవచ్చు అని అనువదించినవాళ్ళని నేను చూశాను. అక్కడ ఎక్కువయ్యేది వాన కాదండీ, అవకాశం. వాన పడే సూచనలు బాగానే వున్నాయి అని. అదే 'మైట్ యాజ్ వెల్' అయితే మరో కథ. ఎలాగూ ఇంతదూరం వచ్చాం, పోనీ అదీ చూసేసి పోదాం అనే నిట్టూర్పు. మే, మైట్ అన్న ముక్కలు చిన్నప్పుడే నేర్పేశామంటారు. ఏం నేర్పారు మరి?

నేర్పనందువల్ల ఏం జరుగుతోందో వినండి. మన పిల్లలు లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉద్యోగంలో చేరతారు. పై అధికారి ఎంతో మర్యాదగా 'యూ మైట్ పర్‌హాప్స్ లైక్ టు లుక్ ఎట్ దిస్ ఎగైన్' అంటాడు. మనవాడు పట్టీలోంచి అర్థం తీస్తాడు. మైట్ అంటే జరిగినా జరగొచ్చు, పర్‌హాప్స్ అంటే బహుశా, లైక్ అంటే ఇష్టం. వెరసి, ఇష్టముంటే చూడు, లేకపోతే లేదు. సరే, ఇష్టం లేదు, చూడలేదు. నెలాఖరుకి 'చెప్పిన పని చెయ్యడు' అని పేరొచ్చింది! ఆ వాక్యానికి అసలు అర్థం, ఇది తప్పుల తడక, తీసుకెళ్ళి మళ్ళీ చేసుకురా అని.

మనింట్లో ఆడవాళ్ళనడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవాళ్ళు. అత్తగారు వరండాలో కూచుని "అమ్మాయ్, ఆ పాలు కాస్త చూస్తావేమో" అంటుంది. 'కాస్త' వుంది, 'ఏమో' వుంది. అంత సందేహం వుంది కదా అని ఏ కోడలైనా "చూడనులెండి" అని వూరుకుందా? చేతిలో పని వదిలేసి పరిగెత్తుతుంది.

అసలు కిటుకు ఇక్కడే వుంది. ఈ మెత్తని మాటలు బలహీనుల సొత్తని ఎవరన్నారు? జమీందారు నెమ్మదిగానే మాట్లాడతాడు, అరిచేది గుమాస్తా. కాదనే ధైర్యం ఎవరికీ లేదని తెలిసినవాడికే ఇష్టముంటే చెయ్యమనే తీరిక వుంటుంది. బాసు నోటినుంచి 'మైట్ పర్‌హాప్స్' వస్తే అది సంస్కారం. అదే మాట అతని కింద పనిచేసే అమ్మాయి రాస్తే ఆత్మవిశ్వాసం లేకపోవడం! ఇదేం న్యాయం?

ఈ పేరు పెట్టడం ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలి. రాబిన్ లేకాఫ్ అనే అమెరికన్ పండితురాలు 1975లో 'లాంగ్వేజ్ అండ్ వుమన్స్ ప్లేస్' అనే పుస్తకం అచ్చువేసింది. నసుగుమాటలు, అతిమర్యాదలు, చివర తోకప్రశ్నలు, ఇవన్నీ ఆడవాళ్ళ భాషకి గుర్తులని, సమాజమే వాళ్ళకిలా నేర్పి ఆ తర్వాత ఇందుకే వాళ్ళని చిన్నచూపు చూస్తుందని ఆవిడ వాదం. మంచి ఆడమనిషే, మంచి ఉద్దేశమే. కానీ ఆవిడ మాటలో మొదటి సగమే జనం చెవిలో పడింది. సమాజాన్ని కడిగిన రెండో సగం గాలికి కొట్టుకుపోయింది.

తర్వాత ఓబార్, ఆట్‌కిన్స్ అనే ఇద్దరు నార్త్ కరోలినా కోర్టుల్లో సాక్షుల మాటలు రికార్డు చేసి పరిశీలించి 1980లో ఫలితాలు రాశారు. హోదా వున్న ఆడవాళ్ళ నోట ఈ నసుగుడు తక్కువగా వుంది. హోదా లేని మగాళ్ళ నోట పుష్కలంగా వుంది. ఇది ఆడవాళ్ళ భాష కాదు, అధికారం లేనివాళ్ళ భాష అని వాళ్ళు తేల్చారు. అలా నసిగే సాక్షిని, మగైనా ఆడైనా, వినేవాళ్ళు తక్కువగా నమ్ముతారని కూడా ఆ పరిశోధనలోనే బయటపడింది. అదీ నేను దాచను. బోనులో నిలబడినప్పుడు 'చూసినట్టే వున్నానేమో' అనకూడదు, నిజమే. కానీ బోను వేరు, శుక్రవారంలోగా ఫైలు పంపమని తోటి ఉద్యోగికి రాసే ఉత్తరం వేరు. న్యూజీలాండులో జానెట్ హోమ్స్ ఇలాంటి మాటల్ని ఒక్కొక్కటే పట్టుకుని, అక్కడికక్కడ అది ఏం పని చేస్తోందో చూసింది. అన్నీ సందేహాలు కావు, చాలావరకు ఎదుటివాళ్ళని మాటల్లోకి లాగడానికీ, నొప్పించకుండా వుండటానికీ అని ఆవిడకి తేలింది. ఎదుటిమనిషికి కుర్చీ జరిపి కూచోమనడం పిరికితనమా చెప్పండి?

ఇదంతా ఎవరు చదివారు? 2015 చివర్లో అమెరికాలో 'జస్ట్ నాట్ సారీ' అని ఒక కొత్త పనిముట్టు వచ్చింది. జీమెయిల్‌కి తగిలించుకుంటే, జస్ట్ అనో సారీ అనో ఐ థింక్ అనో రాసినప్పుడల్లా స్పెల్లింగు తప్పులా గీత గీసి చూపిస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్ళ కోసమే తయారుచేశారు. మగాళ్ళు రాసే ఉత్తరాల్లో దర్పానికి గీత గీసే పనిముట్టు ఎవరైనా చేసిపెడితే నేను మొదటి గిరాకీని.

ఈ చిన్నమాటలు తీసేస్తే మనలాంటివాళ్ళకి ఏమవుతుందో ఎప్పుడో రుజువైంది. జాన్ గంపెర్జ్ అనే ఆయన 1982లో అచ్చయిన తన పుస్తకంలో ఒక సంగతి రాశాడు. బ్రిటన్లో ఒక పెద్ద విమానాశ్రయం, అందులో సిబ్బంది భోజనశాల, కొత్తగా చేరిన మన దేశపు ఆడవాళ్ళూ పాకిస్తాన్ ఆడవాళ్ళూ వడ్డిస్తున్నారు. వాళ్ళు మొహం మాడ్చుకుని వుంటారు, సహకరించరు అని ఫిర్యాదులు. చూడబోతే వాళ్ళన్నది ఒక్కటే మాట, 'గ్రేవీ' అని. ఇంగ్లీషామె అయితే చివర స్వరం పైకెత్తి అడుగుతుంది. మనామె స్వరం దించి అంటుంది. అక్కడివాళ్ళ చెవికి అది 'ఇదుగో గ్రేవీ, కావాలంటే తిను' అన్నట్టు వినపడింది! పాపం ఈవిడ అనుకున్నది కావాలా బాబూ అని. 'వుడ్ యూ లైక్' అన్న మూడు మాటల మర్యాదంతా ఒక స్వరంలో ఇమిడి వుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తమని జాతి చూసి చిన్నబుచ్చుతున్నారని ఆ ఆడవాళ్ళు బాధపడ్డారు, వీళ్ళు పొగరుబోతులని అవతలివాళ్ళు అనుకున్నారు. కూచోబెట్టి వివరించాక చాలావరకు సర్దుకుందట. ఆ మూడు మాటలే కొట్టెయ్యమంటున్నారు మన శిక్షకులు!

మెత్తదనం ఎప్పుడూ మంచిదేనని నేననను. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు కురుస్తుండగా ఎయిర్ ఫ్లోరిడా విమానం ఒకటి బయల్దేరింది. యంత్రాల లెక్క సరిగ్గా లేదని కో-పైలట్ గమనించాడు. పక్కనున్న కెప్టెన్‌తో ఒకటికి రెండుసార్లు అన్నాడు కూడా. కానీ ఆపమని గట్టిగా అనలేదు, ఇది సరిగ్గా లేనట్టుంది కదూ అనే తీరులో అన్నాడు. కెప్టెన్ కొట్టిపారేశాడు. విమానం వంతెనకి తగిలి పొటోమాక్ నదిలో పడింది. 78 మంది పోయారు. అందుకే ఇప్పుడు విమానం నడిపేవాళ్ళకి, పైవాడు తప్పు చేస్తుంటే నసక్కుండా చెప్పడం శిక్షణలో భాగం. గమనించారా, అక్కడ నసిగినవాడు మగాడే. జంకు పుట్టించింది హోదా. ప్రాణాలమీదికి వచ్చినచోట పాజిబ్లీలు పక్కన పెట్టాల్సిందే, కాదనను.

అలాగని పెద్ద పెద్ద విషయాల్లో అందరూ వీటిని పారేస్తున్నారా? అదీ లేదు. కొలత పెట్టి మరీ వాడుతున్నారు. 1951లో అమెరికా గూఢచారి శాఖ, యుగోస్లావియా మీద దాడి జరిగే అవకాశాన్ని కాస్త గట్టిగానే పరిగణించాలని ఒక నివేదిక రాసింది. దాన్ని తయారుచేసినవాళ్ళనే షెర్మన్ కెంట్ ఆరా తీశాడు, గట్టిగా అంటే ఎంత అని. ఒకాయన నూటికి 20 అన్నాడు, ఒకాయన 80 అన్నాడు! ఒకే వాక్యానికి అందరూ కలిసి సంతకం పెట్టినవాళ్ళు సుమండీ. అప్పుడాయన మన పెద్దవాళ్ళు కుంచం, మానిక, సోల, గిద్ద అని గింజలు కొలిచినట్టు, ఏ మాటకి ఎంత శాతమో లెక్కకట్టాడు. 1964లో దాని మీద వ్యాసమూ రాశాడు. ఇవాళ వాతావరణ మార్పు మీద నివేదికలిచ్చే ఐపీసీసీ శాస్త్రవేత్తలు 'లైక్లీ' అంటే నూటికి 66 పైమాట, 'వెరీ లైక్లీ' అంటే 90 పైమాట అని నియమం పెట్టుకున్నారు. వాళ్ళకెవరైనా వెళ్ళి, అయ్యా మీ వెరీ లైక్లీలు కొట్టెయ్యండి, అప్పుడే నాయకులవుతారు అని చెప్పొస్తారా?

మా పిల్లకి నేను చెప్పింది ఇదే. ఏది నీకు నిజంగా తెలుసో అక్కడ 'ఇట్ విల్' అని రాయి. తెలీనిచోట 'ఇట్ మే వెల్' అని రాయి, సిగ్గుపడకు. తోటివాళ్ళని పని అడిగేటప్పుడు 'కుడ్ యూ పాజిబ్లీ' అను. వినకపోతే రెండోసారి ఆ పాజిబ్లీ తీసెయ్యి, అప్పుడా లోటు వాళ్ళకే వినిపిస్తుంది. మొదటినుంచీ లేకపోతే తీసెయ్యడానికి నీ దగ్గరేం వుంటుంది?

గైడులు రాసే పెద్దలు ఆ షల్-విల్ పేజీ చింపేసి, 'మే సర్టెన్లీ', 'మే పాజిబ్లీ', 'మే వెల్' మూడూ పక్కపక్కన అచ్చువేస్తే చాలు. సగం పేజీ పని. ఇక కంపెనీ పెద్దలంటారా, పాఠాలు చెప్పించదలుచుకుంటే చెప్పించండి. కానీ ఆ హాల్లో ముందు వరసలో మీరూ కూచోండి. కిందటి నెలలో మీరు పంపిన ఉత్తరాలు బయటికి తీసి వాటిలో మైట్‌లూ పర్‌హాప్స్‌లూ ఎన్నున్నాయో లెక్కపెట్టండి. అవే మాటలు రాసినందుకు ఏ అమ్మాయికి ఎన్ని మార్కులు తగ్గించారో ఆ కాగితాలు కూడా పక్కన పెట్టుకోండి.